పట్టుపురుగు నోట ద్రవస్ఫటికము

మన కోలారు సీమకు పేరు తెచ్చిన సంపదలు రెండు. ఒకటి నేలక్రింది బంగారము. రెండవది ఆకుమీది పట్టు. మొదటిదాని కథ మన కన్నులయెదుటనే ముగిసినది. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. నాటినుండి ఉరిగాము, ఛాంపియన్ రీఫ్, మారికుప్పము ప్రాంతములవారు పలువురు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరునకు పోయి, ప్రొద్దుగ్రుంకిన పిదప ఇల్లు చేరుచున్నారు. రెండవ సంపద మాత్రము నిలిచియున్నది. కోలారు, శ్రీనివాసపురము, ముళబాగిలు, మాలూరు తాలూకాలలోను, 2007వ సంవత్సరమున మన జిల్లానుండి విడివడి చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరిన శిడ్లఘట్ట, చింతామణి తాలూకాలలోను మల్బరీ తోటలును పురుగుల ఇండ్లును నేటికిని ఎన్నో కుటుంబములకు జీవనాధారములై యున్నవి. వానిలో తెలుగు ఇంటిభాషగా గలవి అనేకములు.

ఈ వ్యాసమున మేము పట్టుపురుగును గూర్చియే వ్రాయనున్నాము. కాని పెంపకపు మెలకువలు బోధించుట మా ఉద్దేశము కాదు. అవి మాకంటె మీకే బాగుగ తెలియును. మా ప్రశ్న ఒక్కటే. పురుగు కడుపులో తేనెవలె చిక్కగా నున్న ద్రవము, నోరు దాటునప్పటికి నీట కరుగని, ఉడికించినను చెడని, లాగినను సులభముగా తెగని పోగుగా ఎట్లు మారుచున్నది? "గాలి తగిలి ఆరిపోవును" అని సాధారణముగ చెప్పుదురు. మేమును చిన్ననాడు అట్లే విన్నాము. అది సరియైన సమాధానము కాదు. సరియైన సమాధానము గడచిన కొన్ని దశాబ్దులలోనే తెలియవచ్చినది. అదియును ఇంకను పూర్తి కాలేదు.

దీనిని తల్లిదండ్రుల యెదుట పెట్టుటకు మాకొక కారణము కలదు. పురుగుల పెంపకము చదువురానివారి పనియనియు, చదువు పురుగుల యింటికి పనికిరాదనియు తలంచు అలవాటు మన ఊళ్ళలో నాటుకొని యున్నది. పంట చివరి వారమున బడి మానినవారు మరల వచ్చి "సైన్సు పాఠము తప్పిపోయినది" అని చెప్పుటయు కలదు. బడిలో 'స్ఫటికము', 'పాలిమరు', 'అవస్థా పరివర్తనము' అను మాటలు కంఠస్థము చేయుచున్న బిడ్డకు ఆ మాటల అర్థము తన యింటి చంద్రికపై ప్రతి పంటకును జరుగుచున్నదని ఎవరును చెప్పరు. చెప్పవలసినది మనమే.

ముందుగా స్ఫటికము సంగతి. గనుల యూరిలో పుట్టినవారికి మూస యనగా నేమో చెప్పనక్కరలేదు. మూసలో బంగారమును కాచునప్పుడు 1064 సెంటీగ్రేడు డిగ్రీల వరకు అది ఘనమే. ఆ మెట్టు దాటినంతనే ద్రవము. నడిమి స్థితి యనునది లేదు. ఘనములో పరమాణువులు వరుసలు తీర్చి, ఎవరి చోటున వారు కుదురుగా నుండును. ద్రవములో వరుస చెదరి ఇటునటు తిరుగుచుండును. ఇట్లు ఒక స్థితినుండి మరియొక స్థితికి పోవుటయే అవస్థా పరివర్తనము. ద్రవమునుండి వరుసతీరిన ఘనము పుట్టుటకు స్ఫటికీకరణము అని పేరు.

స్ఫటికీకరణమునకు రెండు స్వభావములు కలవు. అవి మన వంటయింటి ఇల్లాండ్రకు తెలిసినవే. కాచిన నెయ్యి మెల్లగా చల్లారినచో పూసకట్టును. చన్నీట నుంచి త్వరగా చల్లార్చినచో పూస యేర్పడక మెత్తని ముద్దయగును. అణువులు వరుసతీరుటకు వ్యవధి కావలెను. ఇది మొదటి స్వభావము. చిక్కని చక్కెరపాకమున దారము వ్రేలాడదీసి కలకండ చేయుదురు. పలుకులు మొదట ఆ దారమునంటియే పుట్టును. అనగా వరుస ఎచ్చటనో ఒకచోట మొదలుకావలెను; ఆ మొదలు దొరకువరకు ద్రవము ఘనము కావలసిన మెట్టు దాటియు ద్రవముగనే నిలిచియుండగలదు. ఆ మొదటి మొలకను 'అంకురము' అందుము. ఇది రెండవ స్వభావము.

ఇక ద్రవస్ఫటికము. 1888వ సంవత్సరమున ప్రాగ్ నగరమున ఫ్రీడ్రిక్ రైనిట్జర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టెరాల్ నుండి చేసిన యొక పదార్థమును కాచి చూచెను. అది 145.5 డిగ్రీల వద్ద కరిగినది. కాని తేటగా గాక మబ్బుపట్టిన ద్రవమైనది. ఇంకను కాచగా 178.5 డిగ్రీల వద్ద ఆ మబ్బు విడి తేటపడినది. ఒక్క పదార్థమునకు రెండు కరగు మెట్లు ఎట్లుండును? అతడు ఆ వింతను జర్మనీలోని ఓటో లేమన్ అను భౌతికశాస్త్రజ్ఞునకు వ్రాసెను. లేమన్ సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ఆ మబ్బు ద్రవము ద్రవమువలె పారుచునే స్ఫటికమువలె కాంతిని విడదీయుచున్నదని కనుగొనెను.

దీనిని ఊహించుట కష్టము కాదు. బడిలో ఉదయప్రార్థనకు నిలిచిన పిల్లలను తలంచుకొనుడు. ప్రతివానికి ఒక చోటు కలదు, అందరి ముఖములు ఒకే దిక్కునకు కలవు. అది స్ఫటికము. సంతలోని జనమునకు చోటును లేదు, దిక్కును లేదు. అది ద్రవము. రథోత్సవమున రథము కదలివచ్చు వేళ జనమును చూడుడు. ఎవరికిని నిలుకడయైన చోటు లేదు. త్రోసికొనుచు జరుగుచునే యుందురు. అయినను అందరి ముఖములు రథమువైపే యుండును. అదియే ద్రవస్ఫటికము. అణువులు కడ్డీలవలె పొడవైనవైనచో ఈ స్థితి సులభముగా కలుగును. 1922లో జార్జ్ ఫ్రీడెల్ అను ఫ్రెంచి పండితుడు ఇట్టి స్థితికి 'నెమాటిక్' అని పేరిడెను. గ్రీకు భాషలో దారము అను మాటనుండి ఆ పేరు పుట్టినది. సూక్ష్మదర్శినిలో ఆ ద్రవమున సన్నని దారములవంటి గీతలు కనిపించుటయే కారణము. పట్టును గూర్చిన వ్యాసమున ఈ పేరు తారసిల్లుట మాకు ముచ్చటగా తోచినది.

ఈ శాస్త్రమునకు మన పొరుగుననే ఒక గొప్ప పీఠము కలదని చాలమందికి తెలియదు. సర్ సి.వి. రామన్ గారి మేనల్లుడైన శివరామకృష్ణ చంద్రశేఖర్ గారు 1971లో బెంగళూరులోని రామన్ పరిశోధనాలయమున చేరి ద్రవస్ఫటిక ప్రయోగశాలను నెలకొల్పిరి. అంతవరకు ఈ స్థితికి కడ్డీవంటి అణువులే తగినవని లోకము నమ్మియుండెను. 1977లో చంద్రశేఖర్, సదాశివ, సురేశ్ గారలు బిళ్ళలవంటి అణువులును నాణెములు దొంతిపెట్టినట్లు నిలువు వరుసలు కట్టి ద్రవస్ఫటికములు కాగలవని చూపిరి. ఆ వ్యాసము మన దేశపు పత్రికయైన 'ప్రమాణ'లోనే అచ్చయినది. ప్రపంచమంతయు దానిని ఆ పత్రికనుండియే గ్రహించినది. 1991లో చంద్రశేఖర్ గారు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తోడ్పాటుతో జాలహళ్ళిలో ద్రవస్ఫటిక పరిశోధనకే ప్రత్యేకముగ నొక కేంద్రమును స్థాపించిరి. రైలులో ప్రతిదినము బెంగళూరు పోవువారి చేతి గడియారములలోను, లెక్కల యంత్రములలోను అంకెలు చూపునది ఈ ద్రవస్ఫటికమే.

అయితే గడియారములోని అణువులు పొట్టివి. పట్టులోని అణువులు మిక్కిలి పొడవైనవి. చిన్న అణువులు వేలకొలది గొలుసువలె కూడిన బృహదణువునకు పాలిమరు అని పేరు. ప్రత్తి, ఉన్ని, పట్టు, రబ్బరు, నైలాను అన్నియు పాలిమరులే. ఇవి ద్రవముగా నున్నప్పుడు చిక్కువడిన వెంట్రుకలవలె ఒండొంటితో పెనవేసుకొని యుండును. ఇట్టిది చల్లారి స్ఫటికము కావలెనన్నచో ఎంత కష్టమో ఆలోచింపుడు. చిక్కుతీయని తలకు జడవేయుట వంటిది. అక్కడక్కడ కొన్ని పాయలు వరుసతీరును, మిగిలినది చిక్కుగనే గట్టిపడును. అందుచేత సామాన్యమైన ప్లాస్టిక్కు పూర్తిగా స్ఫటికము కాదు; దానిలో వరుసతీరిన భాగములును చిక్కుపడిన భాగములును కలగలసి యుండును.

తలను ముందు దువ్వి పిదప జడవేసినచో? ద్రవస్ఫటిక పాలిమరుల సంగతి యంతయు ఈ ఒక్క మాటలో నిమిడియున్నది. గొలుసులు ద్రవముగా నున్నప్పుడే ఒకే దిక్కునకు తిరిగినచో, ఆ పిమ్మట స్ఫటికమగుట స్వల్పకార్యము. ఇట్టి పాలిమరు రెండు మెట్లు ఎక్కవలెను. చిక్కువడిన ద్రవమునుండి దువ్విన ద్రవమునకు పోవుట మొదటి మెట్టు. ఇందు మార్పిడి యగు ఉష్ణము స్వల్పము, వెనుకకు మరలుటయు సులభము, అంకురము కొరకు ఎక్కువ కాచుకొని యుండనక్కరలేదు. దువ్విన ద్రవమునుండి స్ఫటికమునకు పోవుట రెండవ మెట్టు. ఇందు అంకురము కావలెను, వ్యవధి కావలెను. ఒకసారి ఎక్కిన పిమ్మట దిగుట కష్టము.

మొదటి మెట్టునకు వేడిమి మార్పే కావలెనని లేదు. ద్రావణము చిక్కబడినను చాలును. చీపురు పుల్లలు నాలుగింటిని నేలపై విసరినచో ఎటులైనను పడును. నూరింటిని ఒక గుప్పిట పట్టవలెనన్నచో అన్నియు ఒకే వైపునకు తిరుగక తప్పదు. స్థలము చాలనపుడు వరుస దానంతట అదియే కలుగును. 1949లో లార్స్ ఆన్‌సాగర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని గణితముతో నిరూపించెను. 1965లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వొలెక్ అను మహిళ ఒక కొత్త పాలిమరు ద్రావణమును చేసెను. అది చిక్కగా తేటగా నుండవలసినదిపోయి, పలుచగా మబ్బుగా నుండెను. దానినుండి నూలు తీయుమని అడుగగా, యంత్రము నడుపువాడు సన్నని రంధ్రములు పూడిపోవునని భయపడి మొదట ఒప్పుకొనలేదు. పట్టువదలక తీయించిన పిమ్మట వచ్చిన పోగు, బరువుకు బరువు చూచినచో ఉక్కుకంటె అనేక రెట్లు బలమైనది. తుపాకిగుండ్లను ఆపు కవచములలోని కెవ్లార్ అదియే. ఆ మబ్బు దోషము కాదు. అది ద్రవస్ఫటికపు గుర్తు. కాని ఆ నూలు తీయుటకు ఘాటైన గంధకామ్లము కావలెను. మన పురుగు అదే పనిని మల్బరీ ఆకుతోను, నీటితోను, చల్లని గదిలోను చేయుచున్నది.

ఇప్పుడు పురుగులోనికి పోదము. నాలుగు జ్వరములు దాటి లేచిన పురుగు అయిదవ దశలో ఆకును ఎంత ఆబగా తినునో మీ రెరుగుదురు. ఆ మేతలో పెద్దభాగము శరీరమున ఇరుప్రక్కల మడతలుపడి యున్న రెండు పట్టుగ్రంథులకు పోవును. పండిన పురుగు మేత మాని, తల పైకెత్తి, మెరుపుగా, లోపల దీపము పెట్టినట్లు కనుపించును గదా! ఆ కాంతి చాలవరకు గ్రంథులలో నిండిన పట్టుద్రవముదే.

ప్రతి గ్రంథికి మూడు భాగములు కలవు. వెనుకభాగమున ఫైబ్రోయిన్ అను మాంసకృత్తు తయారగును. నడిమి భాగము కొట్టువంటిది. అచ్చట ఫైబ్రోయిన్ నిలువయుండి, దానిచుట్టును సెరిసిన్ అను జిగురు చేరును. ముందుభాగము వెంట్రుకవంటి సన్నని గొట్టము. రెండు గ్రంథుల గొట్టములు తలలో కలియును. అందువలననే పురుగు తీయు పోగు నిజముగా జంటపోగు. వెనుకభాగమున నూటికి సుమారు 12 పాళ్ళు మాత్రమే మాంసకృత్తు, తక్కినది నీరు. నడిమి భాగమునకు వచ్చునప్పటికి సుమారు 25 పాళ్ళు, గొట్టములో సుమారు 30 పాళ్ళు. చీపురు పుల్లలను గుప్పిటలోనికి మెల్లమెల్లగా చేర్చుట ఇదియే.

ఫైబ్రోయిన్ గొలుసులలో పెద్దదానియందు 5,263 కడియములు, అనగా ఎమినో ఆమ్లములు, కలవు. ఇంత పొడవైన గొలుసులో రకములు ఎన్నియో యుండునని తోచును. కాని మూడే ముఖ్యమైనవి. నూటికి సుమారు 45 గ్లైసిన్, 30 అలనిన్, 12 సెరిన్. అవియును తాళము వేసినట్లు గ్లైసిన్, అలనిన్, గ్లైసిన్, అలనిన్, గ్లైసిన్, సెరిన్ అని మరల మరల వచ్చుచుండును. ఇవి మూడును చిన్న ఆకారము గలవి. కావున గొలుసులు చాపవలె ప్రక్కప్రక్కల నానుకొని, ఉదజని బంధములతో ముడిపడి, ఒక చాపపై మరియొక చాప పరచినట్లు బిగువుగా చేరగలవు. అదియే పట్టు స్ఫటికము. శాస్త్రజ్ఞులు గ్రంథిలోని స్థితికి 'మొదటి పట్టు' అనియు, పోగులోని చాపల స్థితికి 'రెండవ పట్టు' అనియు పేర్లిడిరి.

ఇచ్చటనే పురుగునకు ప్రాణసంకటము కలదు. అంత చిక్కని, చాపలు కట్టుటకు అంత తగిన ద్రవము, దినముల తరబడి గ్రంథిలో గట్టిపడక నిలువవలెను. గొట్టములో గడ్డకట్టినచో పురుగు గూడు కట్టజాలదు. పోనీ, గట్టిపడకుండుటయే దాని స్వభావమైనచో పోగు రాదు. గోడమీది పిల్లివలె అంచున నిలిచి, నోటి దగ్గరకు వచ్చిన క్షణముననే దూకవలెను.

1991లో క్రిస్టఫర్ వైనీ, డేవిడ్ కప్లాన్ మున్నగువారు గ్రంథినుండి తీసిన పట్టుద్రవమును అడ్డుపరచిన రెండు ధ్రువణ ఫలకముల నడుమ పరీక్షించి, అది చిక్కబడునప్పుడు ద్రవస్ఫటికపు గుర్తులు కనుపించుచున్నవని 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. పట్టుగొలుసు కెవ్లార్ గొలుసువలె బిరుసైన కడ్డీ కాదు గదా, ఎట్లు వరుసతీరును అను ప్రశ్న వెంటనే లేచినది. అనేక గొలుసులు కూడి కడ్డీవంటి కట్టలగునని కొందరి మతము. అవి మొదట సన్నని ఉండలుగా చేరి, ప్రవాహమున సాగి, పొడవుగా మారునని 2003లో జిన్, కప్లాన్ గారలు మరియొక మార్గము చూపిరి. ఈ వాదమింకను తీరలేదు. గొట్టమున గొలుసులు ఘనము కాకమునుపే దిక్కు తీర్చుకొనునను విషయమున మాత్రము ఇరువర్గములకును భేదము లేదు.

గొట్టము ముందునకు పోనుపోను సన్నబడును. విశాలమైన వీధినుండి ఇరుకు సందులోనికి వచ్చిన ఊరేగింపు ఎట్లు పొడవుగా సాగునో, అట్లే ద్రవము సాగి, గొలుసులు దువ్వినట్లు ముందునకు తిరుగును. అదే సమయమున ద్రవము కొంచెము ఆమ్లగుణము పొందును, లవణముల పాళ్ళు మారును, నీరు తగ్గును. పురుగు తన నోటి మొదటి బొట్టును చంద్రికకు అంటించి, తలను వెనుకకు లాగును. ఆ లాగుటయే ముఖ్యము. పురుగు పట్టును ఉమ్మివేయదు, అంటించి లాగును. ఆ ఈడ్పునకు గొలుసులు చివరిసారి సాగి, చాపలు కట్టి, స్ఫటికములగును. ఉప్పునీరు ఆరి గడ్డయైనచో మరల నీరు పోయగా కరగును. పట్టు కరగదు. ఆరుట మాత్రమే జరిగియున్నచో కరగి తీరవలెను గదా! గాలివలన నారునది పైనున్న జిగురుతడి. లోపలి పోగు లాగుటవలననే ఘనమైనది.

దీనికి పూర్వకాలపు సాక్ష్యమొకటి కలదు. స్పెయిను దేశమున ముర్సియా ప్రాంతమువారు పండిన పురుగులను వినిగరులో నానబెట్టి, గ్రంథులను వెలికి తీసి, రెండు చేతులతో లాగి, గాలములకును, వైద్యుల కుట్లకును పనికివచ్చు బలమైన తంతువులను చేసెడివారు. వినిగరు ఆమ్లము, చేతి యీడ్పు! పురుగు గొట్టములో జరుగు రెండు పనులను వారు శాస్త్రమెరుగకయే చేతితో చేసిరి.

ఇంతకంటె గట్టి సాక్ష్యము 2002లో వచ్చినది. షావో, వోల్‌రాత్ అను పరిశోధకులు పురుగును గూడు కట్టనీయక, దాని నోటినుండి పోగును యంత్రముతో ఒకే వేగమున లాగిరి. ఆ పోగు గూటి పోగుకంటె బలమైనది. వేగము పెంచినచో పోగు బిరుసై బలపడినది. తగ్గించినచో ఎక్కువ సాగునదైనది. పురుగు అదే, ఆకు అదే, ద్రవము అదే. లాగిన తీరే వేరు. పురుగు గూడు కట్టునప్పుడు తలను ఎనిమిది అంకెవలె త్రిప్పుచు, ప్రతి మలుపున వేగము తగ్గించి పెంచుచుండును. కావున గూటి పోగు అంతటను ఒకే తీరుగా నుండదు.

దీనికి వ్యతిరేకపు పరీక్షయు కలదు. పట్టును కొన్ని లవణముల గాఢద్రావణమున కరగించి, లవణము తీసివేసి, పలుచని పొరగా ఆరబోయుదురు. ఆ పొర నీట కరగును. ఆల్కహాలులో నానబెట్టినచో చాపలు కట్టి స్ఫటికమగును, ఇక కరగదు. కాని ఆ పొర ఆరిన పిదప పెళుసుగా విరుగును. ఇందు స్ఫటికములున్నవి, పోగు బలము మాత్రము లేదు. ఏలయన ఈ పొరలోని స్ఫటికములు ముందు దువ్వక వేసిన జడవంటివి. అసలు పోగులో సుమారు సగము స్ఫటికము, సగము సాగు స్వభావముగల భాగము; స్ఫటికములన్నియు పోగు పొడవునకు తిరిగియుండును. బలము స్ఫటికమువలననే కాదు, అది పుట్టకమునుపు ద్రవములో కలిగిన దిక్కువలన.

ఒక గూటి పోగు దాదాపు ఒక కిలోమీటరు; జాతిని బట్టి కొంత హెచ్చుతగ్గు. మేలైన ద్వివోల్టిన్ గూటిలో అంతకు మించియు, మన పాత మైసూరు జాతి గూటిలో చాల తక్కువయు నుండును. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతైనది. మంచి గూళ్ళు నాలుగింటి పోగులు ముడివేసి వదలినచో ఆ గని అడుగునంటును. అంత పొడవును పురుగు రెండుమూడు దినములలో తీసివేయును.

ఇక సంతలో మీకు దొరకు ధరకు దీనికి సంబంధమేమి? లోపలి పోగు పని పురుగు తానే చూచుకొనును. పైజిగురు ఆరుట మాత్రము మన చేతిలో నున్నది. పండిన పురుగులు చంద్రికకెక్కిన పిమ్మట చాల నీటిని విసర్జించును. పోగుతోను తడి వచ్చును. గది మూసియుంచినచో ఆ తడి గదిలోనే నిలుచును. జిగురు ఆలస్యముగా నారుటచే పొరలు ఒండొంటికి గట్టిగా అతుకుకొనును. అట్టి గూళ్ళను ఉడికించి రీలు చేయునప్పుడు పోగు మాటిమాటికి తెగును. రీలరు తన అనుభవముచేత అది కనిపెట్టి ధర తగ్గించును, పెంచినవారు "పురుగు మంచిదే, ఆకు మంచిదే, ధర ఏల తగ్గినది?" అని విచారింతురు. చంద్రిక కట్టు దినములలో గదిని 24, 25 డిగ్రీల వేడిమిలో, గాలితేమ నూటికి 60 నుండి 65 వరకు నుండునట్లు, గాలి ఆడునట్లు ఉంచవలెనని పట్టుపరిశ్రమ నిపుణులు చెప్పుట ఇందుకే. చలికి భయపడి కిటికీలు బిగించుట ఇరవైయైదు దినముల శ్రమను చివరి రెండు దినములలో పోగొట్టుకొనుటయే యగును. తేమను కొలుచు సాధనము పెద్ద ఖరీదైనది కాదు. దానిని చూచి వ్రాసిపెట్టు పనిని తొమ్మిదవ తరగతి బిడ్డకు అప్పగింపుడు. బడి మానక, ఉదయము సాయంకాలము చేయదగిన పని యది. పంటకును, పాఠమునకును ఒక్కసారే అక్కరకు వచ్చును.

బజారులో చీర కొనువారికిని ఈ శాస్త్రము ఉపయోగించును. అంచునుండి రెండు పోగులు తీసి, పెద్దలు దగ్గర నుండగా, దీపమునకు చూపుడు. పాలియెస్టరు పోగు కరగి గట్టి పూసయగును. పట్టు కరగదు, వెంట్రుక కాలిన వాసనతో మాడి, నలిపినచో పొడియగును. పట్టులోని చాపల బంధములు ఎంత గట్టివనగా, కరగుటకు కావలసిన వేడిమి చేరకమునుపే గొలుసే తెగి మాడిపోవును. బంగారమునకు 1064 డిగ్రీల మెట్టు కలదు. పట్టునకు దిగు మెట్టే లేదు.

పిల్లలు ఇంట చేయదగిన పరీక్షలు మరి రెండు చెప్పెదము. ధ్రువణ ఫలకముగల చలువ కళ్ళద్దములను లెక్కల యంత్రముపై పెట్టి మెల్లగా త్రిప్పినచో, ఒక వైపున అంకెలు స్పష్టముగా కనుపించి, కాలువంతు త్రిప్పునప్పటికి పలక యంతయు నల్లబడును. ద్రవస్ఫటికముగుండ వచ్చిన కాంతికి దిక్కు కలదనుటకు ఇది నిదర్శనము. వైనీ మున్నగువారు పట్టుద్రవమును చూచినది ఇట్టి ఫలకముల నడుమనే. రెండవ పరీక్షకు భూతద్దము, ఓపిక చాలును. సాయంకాలము చంద్రికకెక్కిన పురుగునొకదానిని ఎంచుకొని, అది తల త్రిప్పు తీరును కాగితముపై గీయవలెను. ఎనిమిది అంకెలు ఒకదాని ప్రక్క నొకటి పేర్చుకొనుచు పోవును; కొన్ని త్రిప్పిన పిమ్మట పురుగు చోటు మార్చి మరల మొదలుపెట్టును. ఎన్ని త్రిప్పి చోటు మార్చినదో లెక్కించి వ్రాయవలెను. గూడు పలుచగా నున్న మొదటి గంటలలోనే ఇది కనబడును. తెల్లవారునప్పటికి పురుగు తెరచాటున నుండును.